ఒకే నిబంధన, రెండు సంతకాలు



ధ్యానానికి వాక్యభాగాలు: కీర్తనలు 146, 2 సమూయేలు 11, యోహాను 18:10-11, మత్తయి 5:23-24. ముందు బైబిలు తెరిచి ఈ నాలుగు భాగాలూ చదువుకొని, ఆ తర్వాత ఇది చదవమని మనవి.

ప్రియ సహోదరీ సహోదరులారా,

మనలో బ్రిటన్‌లో ఉంటున్నవాళ్ళు చాలామంది, వేసవిలో ఊరి నుండి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళను ఎడిన్‌బరో తీసుకెళ్ళే ఉంటారు. కొండమీద కోట చూసి, ఆ పెద్దవీధి వెంట కిందికి దిగుతూ వస్తే కుడిచేతి వైపున సెయింట్ జైల్స్ అనే పాత దేవాలయం కనబడుతుంది. లోపల ఒక పక్క మాంట్రోజ్ ప్రభువు సమాధి స్మారకం ఉంది. అదే మందిరంలో మరో పక్క ఆర్గైల్ ప్రభువు స్మారకం ఉంది. రెండింటి మీదా పడుకొని ఉన్నట్టు చెక్కిన శిల్పాలు. నిద్రపోతున్న ఇద్దరు అన్నదమ్ముల్లాగా ఉంటారు.

బ్రతికి ఉన్నప్పుడు వీళ్ళు అన్నదమ్ములు కారు. బద్ధశత్రువులు. ఒకరి పక్షం చేతుల్లో మరొకరు ఉరికంబం ఎక్కారు. పదకొండేళ్ళకు రెండోవారి తల కూడా తెగింది. మొదటివారి తల ఏ ఇనుప మేకుకు గుచ్చారో, సరిగ్గా అదే మేకుకు రెండోవారి తల గుచ్చారు. ఇందులో ఆశ్చర్యపడవలసిన సంగతి ఇంకొకటుంది. ఇద్దరూ దేవుని పేరట ఒకే నిబంధన పత్రం మీద సంతకం చేసినవారే. ఇద్దరూ చివరి దాకా ఆ నిబంధనను తామే నిలబెట్టామనుకున్నారు.

ఈ సంగతి మన పత్రికలో ఎందుకు అని మీరు అడగవచ్చు. చివరకు వచ్చేసరికి మీకే తెలుస్తుంది. నాకు మాత్రం ఇది నా సొంత పాపాన్ని చూపించిన అద్దం.

నిబంధన

1637లో ఇంగ్లండు, స్కాట్లండు రెండింటికీ రాజు మొదటి చార్లెస్. దేవుడే తనను సింహాసనం మీద కూర్చోబెట్టాడు గనుక ప్రజలు ఎలా ఆరాధించాలో చెప్పే హక్కు కూడా తనకుందని నమ్మినవాడు. స్కాట్లండు సంఘం మీద ఒక కొత్త ప్రార్థనా పుస్తకాన్ని రుద్దాడు. ఆ ఏడాది జూలై 23న ఇదే సెయింట్ జైల్స్ మందిరంలో దాన్ని చదవబోతే జనం లేచి గొడవ చేశారు. ఒక స్త్రీ తాను కూర్చున్న స్టూలు తీసి పాదిరి మీదికి విసిరిందని అక్కడివాళ్ళు నేటికీ చెప్పుకుంటారు.

మరుసటి ఏడు ఫిబ్రవరి 28న ఎడిన్‌బరోలోని గ్రేఫ్రయర్స్ మందిరంలో పెద్దలు కూడి ఒక నిబంధన పత్రం మీద సంతకాలు చేశారు. దానికే జాతీయ నిబంధన అని పేరు. సత్యమైన ఆరాధనను కాపాడతామని అందులో ప్రమాణం చేశారు. అదే పత్రంలో రాజును కూడా కాపాడతామని ప్రమాణం చేశారు. ఈ రెండు ప్రమాణాలూ గుర్తుంచుకోండి. ఒకే కాగితం మీద ఉన్న ఆ రెండు మాటల మధ్యనే తర్వాత ఒక దేశమంతా చీలిపోయింది.

మొదట్లోనే సంతకం చేసిన ప్రముఖుల్లో జేమ్స్ గ్రాహం ఒకడు. మాంట్రోజ్ వంశపు ఎర్ల్. 1612లో పుట్టాడు, అంటే అప్పటికి పాతికేళ్ళ యువకుడు. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చదివాడు, యూరప్ దేశాలు తిరిగి వచ్చాడు. మనస్సాక్షితోనే సంతకం పెట్టాడు. నిబంధనవారి సేనకు నాయకుడిగా 1639లో అబర్డీన్ పట్టణాన్ని పట్టుకున్నాడు. 1640లో వాళ్ళ సైన్యం ఇంగ్లండులోకి దిగినప్పుడు సరిహద్దులోని ట్వీడ్ నదిలో అందరికంటే ముందు కాలు పెట్టింది అతనే.

కాని ఉద్యమం ఎటు నడుస్తుందో చూస్తుంటే అతనికి లోపల ఏదో కలుక్కుమన్నది. సంఘం పేరు చెప్పి అధికారమంతా ఒక్క మనిషి చేతిలోకి వెళ్తోందని అనిపించింది. ఆ మనిషి ఆర్కిబాల్డ్ క్యాంబెల్, ఆర్గైల్ ప్రభువు. తెలివైనవాడు, ఓపిక గలవాడు, పడమటి కొండసీమల్లో ఎదురులేనివాడు. భక్తిలోనూ బూటకం లేనివాడే. మాంట్రోజ్ అతనికి వ్యతిరేకంగా కొందరితో రహస్యంగా ఒప్పందం చేసుకున్నాడు. అది బయటపడి 1641లో ఎడిన్‌బరో కోటలో కొన్ని నెలలు చెరసాలలో ఉన్నాడు. 1643లో స్కాట్లండు పెద్దలు ఇంగ్లండు పార్లమెంటుతో కలిసి మరో నిబంధన చేసుకొని రాజు మీదికి సైన్యం పంపినప్పుడు, మాంట్రోజ్ రాజు పక్షానికి వెళ్ళిపోయాడు. నేను మొదటి నిబంధనను విడువలేదు, రాజును కాపాడతామన్న మాట తప్పింది మీరే అన్నది అతని వాదం. దేవుని సంఘాన్ని కాపాడేది మేమే, నీవు ద్రోహివి అన్నది వాళ్ళ వాదం.

ఎవరిది న్యాయం? చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు. నేను తీర్పు చెప్పబోవడం లేదు. ఇద్దరి చేతిలోనూ నిబంధన ఉంది, ఇద్దరి నోటా దేవుని నామం ఉంది అన్నది మాత్రం చూడండి.

కత్తి దూసిన నమ్మకత్వం

1644 ఆగస్టులో మాంట్రోజ్ ఇద్దరు తోడు మనుషులతో, తాను గుర్రాలు చూసుకునే నౌకరు వేషంలో, స్కాట్లండులోకి ప్రవేశించాడు. అప్పటికి రాజు అతనికి మార్క్విస్ బిరుదునూ స్కాట్లండులో తన ప్రతినిధి పదవినీ ఇచ్చాడు గాని, చేతికి సైన్యం ఇవ్వలేకపోయాడు. ఐర్లండు నుండి వచ్చిన సైనికులూ కొండజాతుల వాళ్ళూ అతనితో కలిశారు. ఆ తర్వాతి సంవత్సర కాలంలో ఆరు యుద్ధాలు గెలిచాడు. 1645 ఫిబ్రవరి 2న, నడిచలికాలంలో మంచు కప్పిన కొండలు దాటి వచ్చి ఇన్వర్లాకీ దగ్గర ఆర్గైల్ సైన్యాన్ని చిత్తుచేశాడు. ఆర్గైల్ తన పడవలో ఉండి తన మనుషులు నేలకొరగడం చూశాడు.

ఆ ఏడే మాంట్రోజ్ పెద్దకొడుకు, పద్నాలుగేళ్ళవాడు, తండ్రి దండుతో తిరుగుతూ జబ్బుచేసి చనిపోయాడు. రెండో కొడుకు శత్రువులకు చిక్కాడు. రాజు కోసం అతను పెట్టిన వెల అది.

కాని ఇదే సంవత్సరంలో ఇంకొక సంగతి ఉంది. అతన్ని మెచ్చుకునేవాళ్ళు తొందరగా దాటేసే సంగతి. 1644 సెప్టెంబరు 13న అతను మళ్ళీ అబర్డీన్ ముందు నిలబడ్డాడు. లొంగిపొమ్మని సందేశం పంపాడు. ఆ సందేశంతో వెళ్ళిన డప్పు కుర్రవాడిని ఎవరో కాల్చి చంపారు. మాంట్రోజ్‌కు కోపం ఆగలేదు. యుద్ధం గెలిచాక తన సైనికులను పట్టణం మీదికి వదిలేశాడు. చంపడం, దోచుకోవడం, స్త్రీలను చెరచడం రోజుల తరబడి సాగాయి. 1639లో నిబంధనవారి సేనానిగా ఇదే పట్టణాన్ని పట్టుకున్నప్పుడు, కొల్లగొట్టమని పక్కవాళ్ళు ఒత్తిడి చేసినా ఒప్పుకోనివాడు ఇతనే! అయిదేళ్ళలో అదే మనిషి, అదే పట్టణం. మారినదేమిటి? నా కారణం న్యాయమైనది గనుక నా కోపం కూడా న్యాయమైనదే అనే మాట అతని మనసులో చోటు చేసుకుంది.

సరిగ్గా సంవత్సరానికి, 1645 సెప్టెంబరు 13న, ఫిలిఫా అనే చోట డేవిడ్ లెస్లీ సైన్యం మాంట్రోజ్‌ను ఓడించింది. ప్రాణాలకు భయం లేదన్న మాట నమ్మి లొంగిపోయిన ఐర్లండు సైనికులను నిబంధన సేన తర్వాత చంపేసింది. దండు వెంట ఉన్న స్త్రీలను కూడా వదల్లేదు. ఆ చంపకాన్ని సమర్థించిన పాదిరులు ఉన్నారని అప్పటి వృత్తాంతాలు చెబుతాయి.

తేదీలు కలిసినంత మాత్రాన అది దేవుని తీర్పు అని నేను చెప్పను. చనిపోయిన ఆ స్త్రీలు అబర్డీన్‌లో ఏ పాపం చేశారు? నేను చెప్పేది వేరు. దేవుని పక్షం మాది అని చెప్పుకున్న రెండు సైన్యాలూ ఒక్క ఏడాది తేడాతో ఒకే పని చేశాయి.

గెత్సేమనే తోటలో పేతురును చూడండి. అతనికంటే నమ్మకమైన సేవకుడు ఆ రాత్రి ఎవరున్నారు? తన రాజును పట్టుకోవడానికి వచ్చారు, కత్తి దూశాడు, మల్కు అనే దాసుని చెవి నరికాడు. న్యాయమైన కోపమే. కాని ప్రభువు కత్తిని ఒరలో పెట్టమన్నాడు. ప్రభువు ఆ చెవిని ముట్టి స్వస్థపరచాడని లూకా రాస్తున్నాడు. తన కోసం తన శిష్యుడు చేసిన గాయాన్ని తానే మాన్పిన రాజు ఆయన. మన గొడవల్లో సంఘం కోసమే మాట్లాడాను బ్రదర్ అంటూ మనం నరికిన చెవులు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టుకుందాం. చెవి తెగినవాడికి ఇక వాక్యం ఎలా వినబడుతుంది?

రాజు చేసిన పని

1646లో ఓడిపోతున్న చార్లెస్ రాజు స్కాట్లండు సైన్యానికి తనను తాను అప్పగించుకొని, ఆయుధాలు దించమని మాంట్రోజ్‌కు ఉత్తరం పంపాడు. అతను విధేయుడై, మారువేషంలో నార్వేకు ఓడ ఎక్కాడు. 1649 జనవరి 30న లండన్‌లో రాజు తల నరికారు. విదేశంలో ఆ వార్త విన్న మాంట్రోజ్ మూర్ఛపోయాడని అతని పాదిరి జార్జ్ విషర్ట్ రాశాడు. ఇక నా బ్రతుకు రాజకుమారుడికే అని తీర్మానించుకున్నాడు.

ఆ రాజకుమారుడు రెండవ చార్లెస్. 1650 జనవరిలో మాంట్రోజ్‌కు గార్టర్ అనే గొప్ప గౌరవాన్ని ఇచ్చి, స్కాట్లండు మీదికి వెళ్ళమని ప్రోత్సహించాడు. అదే సమయంలో, అదే చేత్తో, ఆర్గైల్ పక్షంతో రాజీ మాటలు నడిపాడు. మాంట్రోజ్ సైన్యం అతనికి బేరంలో ఒక తూకపురాయి. మాంట్రోజ్ ఆర్క్నీ దీవుల మీదుగా కొద్దిమందితో వచ్చి, ఏప్రిల్ 27న కార్బిస్‌డేల్ దగ్గర ఓడిపోయాడు. ఆకలితో కొండల్లో తిరిగి, అసింట్ అనే సీమ దొరకు చిక్కి శత్రువులకు అప్పగింపబడ్డాడు. అవే రోజుల్లో, మే 1న, హాలండులోని బ్రెడా పట్టణంలో రాజు రాజీపత్రం మీద సంతకం పెట్టాడు.

ఇది చదివినప్పుడు నాకు ఊరియా గుర్తుకొస్తాడు. మందసమూ తోటి సైనికులూ బయట గుడారాల్లో ఉండగా నేను ఇంటికి వెళ్ళి హాయిగా పడుకుంటానా అన్నవాడు. అంత నమ్మకమైనవాడి చేతికే దావీదు ఒక ఉత్తరం ఇచ్చాడు. అందులో ఊరియా చావు రాసి ఉంది. అతను విప్పి చూడలేదు, నమ్మకంగా తీసుకెళ్ళి ఇచ్చాడు. దేవుని హృదయానుసారుడైన రాజే అలా చేస్తే, మిగతా రాజుల మాటేమిటి? 146వ కీర్తన మనల్ని హెచ్చరించేది ఇందుకే. అధిపతులూ మనుషులే, ఊపిరి ఆగితే మట్టిలో కలుస్తారు, వాళ్ళ ఆలోచనలు ఆ రోజే పోతాయి, అక్కడ మనకు రక్షణ దొరకదు.

మే 18న మాంట్రోజ్‌ను తలవరి నడిపే బండికి కట్టి ఎడిన్‌బరో వీధిలో తెచ్చారు. జనం రాళ్ళు వేస్తారని అధికారులు అనుకున్నారు. చాలామంది మౌనంగా నిలబడ్డారు, కొందరు ఏడ్చారు. దారిలో ఒక మేడ మీద నుండి ఆర్గైల్ చూశాడు. కొద్ది రోజుల క్రితమే అతని కొడుకు పెళ్ళి జరిగింది. పెళ్ళివారంతా అక్కడే ఉన్నారు.

చెరసాలకు పాదిరులు వచ్చారు. సంఘం అప్పటికే అతన్ని వెలివేసింది. తప్పు ఒప్పుకుంటేనే వెలి ఎత్తివేస్తామన్నారు. ఒప్పుకోవలసినవి ఉన్నాయి, అబర్డీన్ ఒక్కటి చాలు. కాని రాజు పక్షాన నిలబడటమే పాపమని ఒప్పుకోమంటే అతను ఒప్పుకోలేదు. ఆ కారణంగా చావబోయే మనిషితో కలిసి మోకరించి ప్రార్థించేవాడు ఆ పాదిరుల్లో ఒక్కడూ లేకపోయాడు. ఒంటరిగానే ప్రార్థన చేసుకున్నాడు.

1650 మే 21న, ముప్పై ఏడేళ్ళ వయసులో, ముప్పై అడుగుల ఎత్తు ఉరికంబం మీద అతన్ని ఉరితీశారు. విషర్ట్ రాసిన అతని చరిత్ర పుస్తకాన్ని ఎగతాళిగా మెడకు కట్టారు. ఉరికంబం దగ్గర శత్రువులను క్షమిస్తున్నానన్నాడు. తన రాజు అందరితోనూ న్యాయంగా నడుచుకునేవాడని పొగిడాడు! తల నరికి టోల్బూత్ అనే చెరసాల గోపురం మీద మేకుకు గుచ్చారు. కాళ్ళూ చేతులూ నాలుగు పట్టణాలకు పంపారు. అందులో అబర్డీన్ ఒకటి. కొన్నాళ్ళకే ఎడిన్‌బరో పార్లమెంటులో రాజు తరఫున ఒక మాట వినబడింది: మాంట్రోజ్ దండయాత్ర రాజు ఆజ్ఞకు విరుద్ధంగా జరిగిందని.

అదే మేకు

ఆర్గైల్ గెలిచాడనుకుంటున్నారా? 1651 జనవరి 1న స్కోన్‌లో రెండవ చార్లెస్ తల మీద కిరీటం పెట్టింది ఆర్గైల్ చేతులే. ఆ తర్వాత స్కాట్లండు క్రామ్‌వెల్ వశమైంది, రాజు దేశం విడిచి పారిపోయాడు. 1660లో అతను తిరిగి సింహాసనం ఎక్కగానే ఆర్గైల్ దండం పెట్టుకోవడానికి లండన్ వెళ్ళాడు. రాజు చూడనైనా చూడలేదు. అక్కడే పట్టుకొని ఖైదు చేయించాడు. క్రామ్‌వెల్‌తో చేతులు కలిపావన్నది నేరం.

1661 మే 11న మాంట్రోజ్ శరీర భాగాలను పోగుచేసి, సెయింట్ జైల్స్‌లో రాజలాంఛనాలతో పాతిపెట్టారు. పదహారు రోజులకు, మే 27న, ఆర్గైల్ తల నరికారు. దేవుని నమ్ముకొని నెమ్మదిగానే చనిపోయాడు. గోపురం మీద మేకు అప్పటికి ఖాళీగా ఉంది.

ఇద్దరూ ఒకే నిబంధన మీద సంతకం పెట్టారు. ఇద్దరూ ఒకరినొకరు దేవునికి శత్రువనుకున్నారు. ఇద్దరూ ఒకే రాజును నమ్మి, ఆ రాజు చేతనే అమ్ముడుపోయారు. పగబట్టిన ఆ పదేళ్ళలో ఇద్దరూ ఒక్కసారి ఒక బల్ల దగ్గర కూర్చొని ఏడ్చి ఉంటే? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

మన సంగతి

ఇప్పుడు నా సంగతి చెప్పనివ్వండి. కొన్నేళ్ళ క్రితం నేను పరిచర్య చేస్తున్న ఒక తెలుగు ఫెలోషిప్‌లో చీలిక వచ్చింది. మొదలు చాలా చిన్నది: ఆదివారం ఆరాధనకు హాలు మార్చాలా వద్దా, కానుకల లెక్కలు ఎవరు చూడాలి. నెల తిరిగేసరికి రెండు వర్గాలయ్యాయి. నేను ఒక పెద్దాయన పక్షాన నిలబడ్డాను. ఆయన కోసం, ఎదుటి పక్షంలో ఉన్న ఒక తమ్ముడిని అందరి ముందూ అనరాని మాట అన్నాను. వాక్యం చూపించి మరీ అన్నాను. అతను మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నవాడు, నా కూతురు పుట్టినప్పుడు రాత్రంతా ఆసుపత్రిలో మాతో కూర్చున్నవాడు. ఆ ఆదివారం తర్వాత రాలేదు. కొన్నాళ్ళకు గుంటూరులో వాళ్ళ అమ్మగారు నిద్రించారని తెలిసింది. ఫోన్ చేతిలోకి తీసుకొని, మళ్ళీ పెట్టేశాను.

నేను ఎవరి కోసం నిలబడ్డానో ఆ పెద్దాయన ఏడాది తిరగకుండా ఎదుటి వర్గంతో రాజీ చేసుకున్నారు. ఆ మాటలన్నీ బ్రదర్ సొంతంగా అన్నవి, నాకు సంబంధం లేదు అన్నారట. తర్వాత ఉద్యోగం మారి వేరే దేశం వెళ్ళిపోయారు. నాకు మిగిలింది కత్తి ఒక్కటే.

ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. ఆయనా మనిషే. మనిషికి ఇవ్వకూడని నమ్మకం ఇచ్చినవాణ్ణి నేను. పౌలు కొరింథు సంఘానికి రాసింది ఈ రోగం గురించే కదా: ఒకడు పౌలు వర్గం, ఒకడు అపొల్లో వర్గం, మరి సిలువ వేయబడింది ఎవరు?

మనం ఎక్కడెక్కడి నుండో వచ్చి ఈ దేశాల్లో కూడుకున్నవాళ్ళం. సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకోస్తు — ఊళ్ళో ఉంటే ఒకరి గుడికి ఒకరు వెళ్ళేవాళ్ళం కామేమో. ఇక్కడ ఒక అద్దె హాల్లో ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నాం. ఇది చిన్న కృప కాదు. స్కాట్లండు రక్తం చిందించిన గొడవలో బిషప్పులు ఉండాలా వద్దా అన్నది ఒక పెద్ద ముడి. అదే ముడిని మన దక్షిణ భారతంలో పెద్దలు ఎలా విప్పారో గుర్తు చేసుకోండి. దోర్నకల్ బిషప్ అజరయ్యగారి వంటివాళ్ళు 1919 నుండి ఓపికగా కూర్చొని మాట్లాడుకున్నారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో బిషప్పులున్న ఆంగ్లికన్లూ, బిషప్పులు వద్దన్న ప్రెస్బిటేరియన్ల వారసులూ, మెథడిస్టులూ ఒకే సంఘమయ్యారు. అజరయ్యగారు ఆ రోజు చూడకుండానే 1945లో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. కాని ఒక్క తలా తెగలేదు.

మత్తయి 5లో ప్రభువు చెప్పిన క్రమం గమనించండి. కానుక పట్టుకొని బలిపీఠం దగ్గరికి వచ్చావు. నీ మీద నీ సహోదరునికి ఏదో బాధ ఉందని అక్కడ జ్ఞాపకం వచ్చింది. కానుక అక్కడే విడిచి ముందు అతని దగ్గరికి వెళ్ళు అంటున్నాడు. ఎవరిది తప్పో ముందు తేల్చుకో అనలేదు. నీకు అతని మీద బాధ ఉంటే అని కూడా అనలేదు; అతనికి నీ మీద ఉంటే అన్నాడు.

మాంట్రోజ్ నమ్మకత్వం గొప్పదే. అంతటి నమ్మకత్వానికి తగిన రాజు అతనికి దొరకలేదు. మనకు దొరికాడు. తన సేవకుని చావును ఉత్తరంలో రాసి పంపే రాజు కాదు ఆయన. సేవకుని బదులు తానే చావుకు వెళ్ళిన రాజు. పేతురు ఆయన్ని ఎరుగనని మూడుసార్లు అన్నాడు. ఆయన మాత్రం పేతురును ఎరుగనని ఒక్కసారీ అనలేదు. ఊరియాను దావీదు మరుగుపరచాలని చూశాడు, దేవుడు మరుగుపరచలేదు. మత్తయి మొదటి అధ్యాయంలో మన రక్షకుని వంశావళి చదవండి: బత్షెబ పేరు రాయలేదు, ఊరియా పేరు రాశాడు. ఇటువంటి రాజు మనకుండగా ఇంకొక మనిషి కోసం కత్తి పట్టుకోవడం ఎందుకు?

చివరకు ఆ తమ్ముడికి నేను ఫోన్ చేశాను. ఆరేళ్ళ తర్వాత. ఎత్తడేమో అనుకున్నాను. ఎత్తాడు. నేను క్షమించమని అడగడం మొదలుపెట్టాను, మాట పూర్తి కాలేదు. "వందనాలు అన్నా. ఆరేళ్ళు పట్టిందా?" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఇద్దరం చాలాసేపు మాట్లాడకుండానే ఫోన్ పట్టుకొని ఉన్నాం. వాళ్ళ అమ్మగారి గురించి అడిగాను. చెప్పాడు. అన్నీ సర్దుకున్నాయని చెప్పను. మేమిద్దరం ఇంకా ఒకే హాల్లో ఆరాధించడం లేదు. కాని ఇప్పుడు ప్రభు బల్ల దగ్గర రొట్టె అందుకునేటప్పుడు నా చెయ్యి వణకడం లేదు.

సెయింట్ జైల్స్‌లో ఆ ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు. వాళ్ళ స్మారకాలు అక్కడ కట్టేసరికి రెండు వందల ఏళ్ళకు పైగా గడిచిపోయాయి. మనకు అంత సమయం లేదు. ఈ ఆదివారం బల్లకు వచ్చే లోపల మీ మనసుకు ఏ పేరు వస్తుందో, ఆ పేరు వెతికి ఫోన్ చేయండి.

ప్రార్థన చేద్దాం.

పరలోకమందున్న మా తండ్రీ, మేము మనుషులను రాజులుగా చేసుకొని నీ సహోదరులను గాయపరచాము. మా కారణం న్యాయమైనదని మా కోపాన్ని నీ పేరట కప్పుకున్నాము. మమ్మల్ని క్షమించు. మేము నరికిన చెవులను నీవే ముట్టి స్వస్థపరచు. విడిపోయిన మా ఫెలోషిప్‌లను నీ కుమారుని బల్ల దగ్గరికి మళ్ళీ నడిపించు. మేము విడిచినా మమ్మల్ని విడువని రాజైన యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.